గాలి పక్క తాడు

గంట దూలానికి లేదు.

అంకన్న గొంగడి దులిపి చూశాడు. చల్లకుండ వెనక చెయ్యి పెట్టి చూశాడు. గాదె కింద కర్రతో గెలికాడు. చివరికి గుమ్మంలో నిలబడి, వసారాలో జొన్నలు చెరుగుతున్న కోడలి వైపు తిరిగాడు.

"నాగేంద్రమ్మా, పొట్టేలు గంట యాడుండాది?"

"నా దగ్గరుండాది మామా."

"నేను ఇల్లంతా ఎతుకుతా ఉంటే చూస్తా కూచున్నావా?"

"నువ్వు నన్ను అడగలే. గాదెను అడిగినావు."

పొయ్యి దగ్గరున్న అంకన్న భార్య రంగమ్మకు నవ్వు రాబోయి ఆగింది. కొడుకు నాగులు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో నవ్వులన్నీ అట్లాగే సగంలో ఆగిపోతున్నాయి.

"ఇట్లియ్యి," అన్నాడు అంకన్న. "రేపు పొద్దున మంద వంతెన ఎక్కాల."

"ఎక్కనియ్యి."

"మేతకైతే అలవాటు దోవ, ఎట్లనో పోతాది. పలకల మీద గంట లేంది పొట్టేలు అడుగెయ్యదు. అది కదలకుంటే మంద ఎట్ల ఎక్కుతాది?"

"ఇంజనీరయ్యకు మాట ఇచ్చేటప్పుడు అది అనుకోవాల్సింది."

మాట ఇచ్చింది నిజమే. గుండ్లకమ్మ మీద వంతెన పూర్తయినా ఏటిగడ్డపల్లెలో ఒక్కరూ దాని మీద కాలు పెట్టలేదు. మనిషిని తిన్న వంతెన అన్నారు. ఆ మనిషి ఇంటివాళ్ళు ముందు నడిస్తే మేమూ నడుస్తాం అన్నారు. నల్లమల మీద అప్పుడే మబ్బు పడుతోంది. ఏరు వస్తే కంభం దారి తెగిపోతుంది. మేతంతా అవతలి గట్టున ఉండిపోతుంది. అంకన్న నలుగురిలో లేచి, "మా మందే ముందు నడుస్తాది" అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు గంట సంగతి ఆయనకు గుర్తు లేకపోలేదు.

గొర్రెలు కాసే ఆ ఇళ్ళలో మగవాడు పోతే పెద్దపొట్టేలు మెడలో గంట విప్పేస్తారు. పోయినవాడి భార్య తన చేత్తో మళ్ళీ కట్టేదాకా మంద మూగగానే తిరుగుతుంది. ఎప్పుడు కట్టాలో ఆమె ఇష్టం. కట్టమని బలవంతం చెయ్యరు. కానీ ఒకసారి కట్టాక పోయినవాడి తప్పొప్పులు ఎవరూ ఎత్తకూడదు. మంచైనా చెడైనా ఆ రోజుకు ఏ మాట నిలిచి ఉంటే ఆ మాటే నిలిచిపోతుంది.

"ఆయన మీద పడిన మాట ముందు పోవాల," అంది నాగేంద్రమ్మ. "గంట తర్వాత."

"ఏం మాట పడిందే?" అంది రంగమ్మ, పొయ్యిలోకి కట్టె తోస్తూ.

"నీకు తెలీదా అత్తా? బ్రహ్మం మేస్త్రీ నిన్న బావికాడ అందరి ముందరా అన్నాడు. గొర్రెలు కాసేటోని చేతికి ఇనపతాడు ఇస్తే ఇట్లనే ఉంటాదని. సచ్చినోడు తన తెలివితక్కువతనానికి తానే సచ్చినాడని."

"అంటే అననీ. వాడి నోరు వాడిది."

"రేపు నేను గంట కడితే అదే నిలిచిపోతాది."

"పోయినోడు పోయినాడు నాగేంద్రా. నా కడుపుకోత నీ బాధకంటే తక్కువా?"

"తక్కువని నేను అనలే."

అంకన్న ఇద్దరి మధ్యా నిలబడి తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. కోడలు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన గాదె వైపు చూశాడు.

*

పొద్దు వాలుతుండగా ఇంజనీరు ప్రకాశరావు వచ్చాడు. బెజవాడ వైపు మనిషి. తలుపు ఎత్తు తెలియక మొదటి రోజుల్లో నుదురు కొట్టుకునేవాడు. ఇప్పుడు చూసుకోకుండానే వంగి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అంతా సిద్ధమేనా పెద్దాయనా?"

"సిద్ధమే అయ్యా," అన్నాడు అంకన్న.

రంగమ్మ చల్ల ఇచ్చింది. "రాజధాని కర్నూల్లో ఉన్నప్పుడు అడిగినాము అయ్యా ఈ వంతెన. అది లేచి హైదరాబాదు పోయినాక ఇప్పటికి వచ్చింది మాకు."

"వచ్చింది కదమ్మా," అన్నాడు ప్రకాశరావు. నవ్వుదామనుకున్నాడు గానీ కుదరలేదు.

గ్లాసు రెండు చేతులతో పట్టుకొని చల్ల తాగాడు.

"రేపు మంద ఒకేసారి పలకల మీదికి రావాలి. ఎడంగా కాదు, ఒత్తుగా. ఆ బరువు పడినప్పుడు తాళ్ళన్నీ సమంగా లాగుతున్నాయో లేదో నేను చూడాలి. ఏటి నడుమ రాతికట్టడం ఏదీ లేదు కదా. పాత వంతెన కాళ్ళను ఏరు ఎట్లా ఊడ్చేసిందో మీకు తెలుసు. అందుకే గట్టుకొక స్తంభం నిలిపి, దాని తల మీది నుంచి ఏటవాలుగా తాళ్ళు దించి పలకల దారిని పట్టించాం. ఏటి వైపు ఎన్ని తాళ్ళు లాగుతాయో, వెనక రాతిదిమ్మల వైపు అన్ని లాగాలి. లేకపోతే స్తంభం నిలవదు."

"మావాడు చెప్పేవాడు," అంది రంగమ్మ.

"చెప్పేవాడు. నేను అతనికి ఒక్కసారే చెప్పాను. మర్నాడు చూస్తే పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి, తన చేతికర్ర నేల మీద నిలబెట్టి, దాని తలకు రెండు తాళ్ళు కట్టి చూపిస్తున్నాడు. ఇటు ఒకింత, అటు ఒకింత. ఒక పక్కే లాగితే ఇదిగో అని, కర్రను బ్రహ్మం నెత్తిన పడేశాడు."

వసారా నుంచి చాట చప్పుడు ఆగిపోయింది.

"నాకు అర్థం కానిది ఒకటే పెద్దాయనా. అంత తెలిసినవాడు ఆ రోజు ఒక పక్కే ఎందుకు బిగించాడు? వెనక తాడు చివరిదాకా బిగించాడు. ఏటి వైపు తాడు వదులుగానే ఉంది. స్తంభం వెనక్కి వాలింది. పరంజా తెగి, అతను కింద రాళ్ళ మీద పడ్డాడు." ఆయన గొంతు తగ్గింది. "నేను బోల్టుల కోసమని మార్కాపురం వెళ్ళాను ఆ పూట. వెళ్ళకుండా ఉండాల్సింది. పడుకుంటే అదే కనిపిస్తుంది. నేను చెప్పడంలో ఏం తప్పు చేశానా అని."

 దొడ్లో మేకపిల్ల ఒకటి అరిచి ఊరుకుంది.

నాగేంద్రమ్మ వచ్చి గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

"మామా, అయ్య అడగతా ఉండాడు."

అంకన్న గొంతు సవరించుకున్నాడు. "అయ్యా..." అన్నాడు. రంగమ్మ ఆయన వైపు చూస్తోంది. ఏం చెప్తాడో అని కాదు, మాటలు దొరకని మనిషికి సాయంగా చూస్తోంది.

"పిల్లోడు తొందర పడినాడేమో," అన్నాడు అంకన్న.

నాగేంద్రమ్మ ఇంజనీరు చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ప్రకాశరావు లేచాడు. "వంతెన తెరిచాక నన్ను వేరే చోటికి వేస్తున్నారు. పోయేలోపు ఆమె ముఖం చూసి ఒక మాట చెబుదామనుకున్నాను. ఏం చెప్పాలో తెలియడం లేదు."

వంగి బయటికి నడిచాడు.

*

చీకటి పడకముందే మందను దడిలోకి తోలాలి. అంకన్న ఊరి బయటి బీడులో తడికెలు నిలబెట్టి గుంజలకు తాళ్ళు కడుతున్నాడు. కొండగాలి మొదలైంది. ఆయన చేతులు వాటంతట అవే పడమటి వైపు తాడు అందుకున్నాయి. గాలి ఎటు నుంచి వస్తే ఆ పక్క తడికె ముందు బిగించాలి. తండ్రి ఆయనకు నేర్పాడు. ఆయన నాగులుకు నేర్పాడు. ఆ పక్క ఆలస్యమైతే గాలికి దడి మొత్తం గొర్రెల మీద పడుతుంది.

తాడు సగం లాగి ఆగిపోయాడు.

మళ్ళీ లాగబోయాడు.  తాడు వదిలేసి దాని పక్కనే చతికిలబడ్డాడు.

వెనక అడుగుల చప్పుడు వినిపించినా తల తిప్పలేదు.

"కట్టు మామా," అంది నాగేంద్రమ్మ. "గాలొస్తా ఉండాది."

"కడతా."

"గాలి పక్క ముందు కట్టు."

 గాలికి తడికె ఒకటి కొట్టుకుంటోంది. ఆమె వెళ్ళి దాన్ని చేత్తో పట్టుకుంది.

"ఆ పొద్దు నేను సంగటి తెస్తా ఉండాను," అంది. "గట్టు దిగతా ఉంటే వెనక రాతిదిమ్మల వైపు నుంచి గాలి కొట్టి దుమ్ము లేచింది. కండ్లలో పడితే తట్ట పట్టుకొని అట్లనే నిలబడినా. నీ కేక వినబడింది. 'గాలి పక్క ముందు బిగించురా నాయనా' అని. పైనుంచి ఆయన ఏందో అన్నాడు. నువ్వు మళ్ళీ అరిచినావు. 'నా మాట వినురా, గాలి పక్క ముందు' అని."

"నాగేంద్రా..."

"ఆయన విన్నాడు. నువ్వు చెప్తే ఆయన ఎప్పుడు వినలే?"

అంకన్న రెండు చేతులూ నేలకు ఆనించాడు.

"వాడు పడిపోతాడని అరిచినానే," అన్నాడు. "గాలికి స్తంభం ఊగతా ఉండె. వాడు పైన ఉండె. నాకు దడి కట్టేది తెలుసు. ఇంకేం తెలుసు నాకు?"

"తెలుసు మామా. నేను నిన్ను అనలే."

"ఎవరికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలే. నువ్వు చెప్తావని ఉండాను. కర్మ కాడ చెప్తావనుకున్నా. పెద్ద ఆఫీసర్లు వచ్చి అడిగినప్పుడు చెప్తావనుకున్నా. ఈ పొద్దు కూడా అనుకున్నా." ఆమె తడికె వదల్లేదు. "నువ్వు చంపినావని నేను అనుకోను. ఏ తండ్రైనా అరుస్తాడు. కానీ ఆయన తెలియక చేసినాడని అంటా ఉంటే మాత్రం నేను ఓర్చుకోలేను. ఆయనకు తెలుసు. తెలిసి కూడా నాయన మాట కాదనలేక చేసినాడు. అదొక్కటి చెప్పు. ఇంజనీరయ్యకు చెప్పు. ఆయన్నూ అది తినేస్తా ఉండాది."

"మీ అత్తకు తెలిస్తే..." అంకన్న అంతకంటే ముందుకు పోలేకపోయాడు. "ముప్పై ఏండ్లు నాతో బతికింది. రేప్పొద్దున నా మొగం చూస్తాదా?"

 

ఆమె తడికె కొస ఆయన చేతికి అందించింది. ఆయన లేచాడు. ఇద్దరూ కలిసి ఆ పక్క తాడు బిగించారు. గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లోపలికి సర్దుకున్నాయి. పెద్దపొట్టేలు అన్నిటికంటే వెనక వచ్చి, అంకన్న మోకాలికి మెడ రుద్దింది. గంట ఉండాల్సిన చోట బొచ్చు అరిగి చర్మం కనిపిస్తోంది.

"రేపు చెప్తా," అన్నాడు అంకన్న. "మంద ఎక్కకముందే చెప్తా. నేను చెప్పినాకనే నువ్వు గంట కట్టు."

"మాట?"

"మాట."

*

పొద్దున ఊరంతా గట్టు మీదే ఉంది.

వంతెన ఎండలో తెల్లగా మెరుస్తోంది. ఒక్కో స్తంభం తల నుంచి ఇటు నాలుగు, అటు నాలుగు తాళ్ళు సూటిగా దిగి ఉన్నాయి. ఏట్లో అడుగంటిన నీళ్ళ మీద వాటి నీడలు పడి కదులుతున్నాయి. బ్రహ్మం ఇవతలి స్తంభం మీది నుంచి వేలాడదీసిన గుండుతాడు దగ్గర కూర్చొని ఉన్నాడు. స్తంభం వాలితే ముందు తెలిసేది ఆ గుండుకే.

మంద పలకల ముందుకు వచ్చి ఆగింది. పొట్టేలు మొదటి పలకను వాసన చూసి పక్కకు తిరిగింది. దాని వెనక గొర్రెలన్నీ తిరిగాయి.

"అంకన్న మామా, పొట్టేలుకు కూడా తెలిసిపోయినట్టుందే!" అని ఎవరో అన్నారు.

"నువ్వెక్కరాదా ముందు? నీకు కొమ్ములొకటే తక్కువ," అంది గుంపులోంచి ఒక ముసలామె. నలుగురు నవ్వారు.

నాగేంద్రమ్మ మందకు పక్కగా నిలబడి ఉంది. కొంగులో గంట బరువుగా వేలాడుతోంది. అది మోగకుండా నాలుకను వేళ్ళతో పట్టుకొని ఉంది.

అంకన్న ఆమె వైపు చూశాడు. తర్వాత కర్ర ఊనుకుంటూ ప్రకాశరావు దగ్గరికి నడిచాడు. ఆయన స్తంభం మొదట్లో, నాగులు పడిన రాళ్ళకు కాస్త ఇవతల నిలబడి ఉన్నాడు.

అంత దూరం నుంచి నాగేంద్రమ్మకు మాటలు వినపడలేదు. మామ తలపాగా తీసి చేత్తో పట్టుకోవడం కనిపించింది. రంగమ్మ గుంపులోంచి గబగబా పోయి ఆయన పక్కన నిలబడింది. మామ ఒకసారి భార్య వైపు చూశాడు. ఇంజనీరు వైపు తిరిగాడు. తల వంచి ఏదో చెప్పాడు. ఎక్కువ మాటలు కావు. ప్రకాశరావు ముందుకు వంగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. రంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

అత్త ఎదుటే చెప్పినాడు, అనుకుంది నాగేంద్రమ్మ.  ఇన్నాళ్ళూ ఏడవడానికి కూడా ఆమె ఈ ఒక్క మాట కోసం ఆగినట్టు అప్పుడు తెలిసింది.

ఆమె పొట్టేలు ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. తోలుపట్టీ దాని మెడ చుట్టూ తిప్పి, నాగులు ముడి వేసే చోటే ముడి వేసింది. వేళ్ళు తీసేసింది.

గంట మోగింది.

గట్టు మీద మాటలన్నీ ఆగిపోయాయి. పొట్టేలు తల విదిలించి ఒకసారి తన చప్పుడు తానే విన్నది. తర్వాత పలక మీద కాలు పెట్టింది. అంకన్న వచ్చి దాని ముందు నడిచాడు. కోడలి పక్క నుంచి పోయేటప్పుడు ఆమె వైపు చూడలేదు. భారం దిగిన మనిషి వెంటనే కళ్ళు కలపలేడులే అనుకుంది ఆమె.

మంద ఒత్తుగా వంతెన నిండింది. పలకలు గిట్టల కింద దడదడలాడాయి. దారి నడుమ కొంచెం దిగింది. తాళ్ళు ఒక్కొక్కటే బిగిసి, గాలికి సన్నగా పాడాయి.

"గుండు?" అని అరిచాడు ప్రకాశరావు.

"కదల్లేదయ్యా!" అన్నాడు బ్రహ్మం. "స్తంభం కదల్లేదు!"

మంద అవతలి గట్టెక్కింది. ఊరు ఒక్కసారిగా అరిచింది. అయినా మనుషులెవరూ ముందుకు రాలేదు. మంద పోయింది సరే, ఆ ఇంటి ఆడది పోలేదు కదా అన్నట్టు నాగేంద్రమ్మ వైపే చూస్తున్నారు.

ప్రకాశరావు ఆమె దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"నిలిచిందమ్మా. నీ భర్త కట్టిన రాతిదిమ్మలే. అవే పట్టుకున్నాయి."

"మామ మీకు చెప్పినాడు గదా అయ్యా," అంది నాగేంద్రమ్మ. "ఇప్పుడైనా మీరు నిద్రపోండి."

"చెప్పాడు. పెద్ద మనసు. ఆయన అట్లా అడగాల్సిన అవసరమే లేదు. అదే చెప్పాను."

"ఏమడిగినాడు?"

ప్రకాశరావు కొంచెం తడబడ్డాడు. "క్షమాపణ. 'మావాడు చిన్నతనం కొద్దీ చేసిన పని, కడుపులో పెట్టుకోండి' అన్నాడు. మీ అత్తగారు కూడా దణ్ణం పెట్టింది. తప్పు నాది, నేను ఉండాల్సింది అన్నాను."

నాగేంద్రమ్మ ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఇంకేం అన్లేదా?"

"లేదమ్మా. ఇంకేముంది?"

అవతలి గట్టు మీద మంద మేతలో పడింది. గంట చప్పుడు నిదానంగా, తీరిగ్గా వినిపిస్తోంది. అది మోగుతున్నంతకాలం నాగులు తెలివితక్కువవాడుగానే ఉంటాడు. ఈ ఊళ్ళో ఎవరూ ఇక ఆ మాట ఎత్తరు. ఎత్తడానికి ఆమెకూ హక్కు లేదు. ఆ ముడి వేసింది ఆమె చేతులే.

"ఏమైందమ్మా?" అన్నాడు ప్రకాశరావు.

 ఆమె కొంగు నడుముకు దోపుకుంది. రంగమ్మ వెనక నుంచి, "యాడికే నాగేంద్రా?" అని పిలిచింది. నాగేంద్రమ్మ వంతెన మొదటి పలక మీద కాలు పెట్టింది.

 ఆమె తాళ్ళ వైపు గానీ, కింద రాళ్ళ వైపు గానీ చూడలేదు. అవతలి గట్టు మీద, గొర్రెల నడుమ, తలపాగా లేకుండా నిలబడి ఉన్న ముసలి మనిషినే చూస్తూ నడిచింది. ఆయనా ఆమెను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక మంద అడ్డమొచ్చి ఆగాడు.

ఆమె నడిమి పలకల మీదికి వచ్చేసరికి అంకన్న పొట్టేలు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆయన చేతులు దాని మెడ మీద ఏదో వెతుకుతున్నట్టు కదిలాయి.

గంట చప్పుడు ఆగిపోయింది.

ఇవతలి గట్టు మీద మనుషులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కట్టిన గంట అదే పూట విప్పడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరుగరు. గంట లేకపోతే నాగులు సంగతి మళ్ళీ ఎత్తవచ్చు. రంగమ్మ స్తంభాన్ని చేత్తో పట్టుకొని, అవతల భర్త చేతిలో వేలాడుతున్న ఆ గంట వైపు చూస్తూ, అర్థం కాక, కోడలి వెనకే మొదటి పలక మీదికి అడుగు వేసింది.